మనిషికి ఓటీపీ పది నిమిషాలు, మెషీన్‌కు తాళంచెవి ఏళ్ల తరబడి!

నర్సీపట్నం అబీద్ సెంటర్‌లో నిలబడి, ఫోన్ తీసి, 95523 00009 నంబర్‌కు వాట్సాప్‌లో 'హాయ్' అని కొడితే చాలు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జవాబిస్తుంది. కరెంటు బిల్లు, ఇంటి పన్ను, ఆదాయ ధ్రువపత్రం, ఆర్టీసీ టికెట్, ఇంటర్ హాల్‌టికెట్ అన్నీ అక్కడే. 2025 జనవరి 30న మంత్రి నారా లోకేశ్ ప్రారంభించిన 'మన మిత్ర' 161 సేవలతో మొదలైంది. ఆ తర్వాత సేవల సంఖ్య వందల్లోకి పెరిగింది. ఏజెన్సీకి గుమ్మంలాంటి ఈ ఊరికీ, చుట్టుపక్కల గొలుగొండ, నాతవరం, మాకవరపాలెం మండలాల వాళ్లకూ ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. ఒక్క సర్టిఫికెట్ కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చేవాళ్లకే దాని విలువ తెలుసు.

కాబట్టి ఈ సౌకర్యాన్ని తప్పు పట్టాల్సిన పని లేదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ 'హాయ్' ఫోన్‌లోంచి వెళ్లిపోయాక, వెనకాల ఎన్ని కంప్యూటర్ల చేతులు మారుతుంది? ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ని 'నువ్వెవరు, నీకు ఈ వివరాలు ఎందుకివ్వాలి' అని ఎలా అడుగుతుంది? దానికి వచ్చే జవాబు ఎంతవరకు నమ్మదగింది?

మనుషుల విషయంలో ఈ విచారణ ఎంత గట్టిగా ఉంటుందో అందరికీ తెలిసిందే. రేషన్ డిపోలో నెలనెలా వేలిముద్ర వేయాలి. వేళ్లు అరిగిపోయిన ముసలమ్మ రెండు మూడు సార్లు వేళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టాలి. పడకపోతే కళ్లు చూపించాలి. బ్యాంకులో ఓటీపీ వస్తుంది, కొద్ది నిమిషాల్లో కొట్టకపోతే చెల్లదు. పింఛనుదారు బతికే ఉన్నాడని ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్ పత్రం ఇవ్వాలి. పేదవాడు ప్రతిసారీ తనే తనని రుజువు చేసుకోవాలి. అదే మెషీన్ అయితే? చాలాచోట్ల ఒకసారి ఇచ్చిన ఒక్క కీ చూపిస్తే చాలు. ఆ కీకి గడువు తేదీ ఉండకపోవచ్చు కూడా.

ఏపీ కాదు, ఏపీఐ

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఈ ఏర్పాటును ఏపీఐ అంటారు. మన రాష్ట్రం పేరుకూ దానికీ సంబంధం లేదు, పేరు కలిసిందంతే. తాలూకా ఆఫీసులో కిటికీ లాంటిది అనుకుంటే సరిపోతుంది. జనం ముందు గుమ్మంలోంచి వస్తారు, వాళ్లకు వెబ్‌సైటు, యాప్ ఉన్నాయి. మెషీన్లు పక్క కిటికీ దగ్గరికి వస్తాయి. 'ఫలానా నంబర్ కనెక్షన్‌కి బాకీ ఎంత' అని ఒక మెషీన్ అడుగుతుంది, 'ఇంత' అని లోపలి మెషీన్ చెబుతుంది. నర్సీపట్నంలో ఉన్నవాడు కరెంటు బిల్లు అడిగితే ఆ ప్రశ్న మొదట వాట్సాప్ యజమాని మెటా సర్వర్లకు వెళ్లి, అక్కడి నుంచి ప్రభుత్వ వ్యవస్థకు వచ్చి, చివరికి విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ రికార్డుల దాకా పోవాలి. ప్రతి మలుపులోనూ ఒక కిటికీ, ప్రతి కిటికీకీ ఒక తాళం.

ఆ తాళంచెవే యాక్సెస్ కీ. పాతబస్తీ భాషలో చెప్పాలంటే చాబీ. చూడ్డానికి అర్థం పర్థం లేని అక్షరాలు, అంకెల పొడవాటి వరుస. అది ఎవరు చూపిస్తే వాళ్లే మాలిక్ అని సర్వర్ నమ్ముతుంది. చూపించింది అసలు ఆఫీసు మెషీనా, లేక ఎక్కడో కూర్చుని దాన్ని కాపీ కొట్టిన కుర్రాడా అన్నది దానికి తెలియదు. మనిషి ముఖం చూసి గుర్తుపట్టే గుమాస్తా కాదు కదా.

ఈ కీలు రెండు రకాలు. కొన్ని కొద్ది గంటలు బతికి చచ్చిపోతాయి. కొన్ని, ఎవరైనా పనిగట్టుకుని రద్దు చేసేదాకా బతికే ఉంటాయి. వాట్సాప్ వ్యాపార సేవల్లోనే చూడండి: పరీక్షించుకోవడానికి ఇచ్చే తాత్కాలిక టోకెన్ ఒక రోజులో ముగిసిపోతుంది. అసలు సేవ నడపడానికి 'సిస్టమ్ యూజర్' పేరుతో తీసుకునే టోకెన్‌కు మాత్రం గడువే లేకుండా పెట్టుకోవచ్చు. అమెజాన్ క్లౌడ్‌లో అయితే కీ మొదటి నాలుగు అక్షరాలు చూసే చెప్పేయొచ్చు. 'ఏకేఐఏ'తో మొదలైతే అది ఎక్కువకాలం ఉండేది, 'ఏఎస్ఐఏ'తో మొదలైతే తాత్కాలికం. వీలైనంతవరకు తాత్కాలికమే వాడమని అమెజానే తన పత్రాల్లో చెబుతుంది. అయినా జనం మొదటి రకాన్నే వాడుతున్నారు, ఎందుకంటే అది తేలిక. ఒకసారి అతికించి మర్చిపోవచ్చు.

ఆ మర్చిపోవడమే అసలు చిక్కు.

వంటగ్యాస్ కిటికీ కథ

ఇదంతా ఊహ అనుకునేవాళ్లు 2018 మార్చి నాటి సంగతి గుర్తు చేసుకోవాలి. అమెరికా టెక్ వార్తా సంస్థ జెడ్‌డీనెట్ ఒక కథనం వేసింది. ఢిల్లీకి చెందిన భద్రతా పరిశోధకుడు కరణ్ సైనీ ఒక ప్రభుత్వ రంగ సంస్థ ఏపీఐలో లోపం కనిపెట్టాడు. ఆ సంస్థ ఇండేన్, అంటే కోట్ల ఇళ్లలో ఉన్న గ్యాస్ బండ కంపెనీ. ఆధార్ నంబర్ ఇస్తే ఆ మనిషి పేరు, వినియోగదారు నంబరు, ఏయే బ్యాంకుల్లో ఖాతా ఉందో చెప్పే కిటికీ అది. సబ్సిడీ ఖాతాలో వేయడానికి ఆధార్ కలిపారు కదా, ఆ పని కోసం పెట్టింది.

కిటికీకి తాళం ఉంది. కానీ తాళంచెవి ప్రోగ్రామ్‌లోనే రాసిపెట్టి ఉంది. అందరికీ ఒకటే, ఎప్పటికీ ఒకటే. ఆ టోకెన్‌ను విప్పి చూస్తే అందులో ఉన్న మాటలు 'ఇండ్ ఆధార్ సెక్యూర్ స్టేటస్'. సెక్యూర్ అని రాసినంత మాత్రాన సెక్యూర్ అయిపోతుందనుకున్నారేమో. పైగా నిమిషానికి ఎన్నిసార్లు అడగవచ్చన్న లెక్క కూడా లేదు. ఒక్క కంప్యూటర్ నుంచి నిమిషానికి వేలసార్లు నంబర్లు మార్చి మార్చి అడిగినా అది జవాబు చెబుతూనే పోతుందని సైనీ చూపించాడు.

అంతకంటే చేదు నిజం, ఆ తర్వాత జరిగింది. వారాల తరబడి అధికారులకు చెప్పే ప్రయత్నం చేసినా పట్టించుకున్నవాళ్లు లేరని జెడ్‌డీనెట్ రాసింది. కథనం బయటికొచ్చాకే ఆ ఏపీఐ మూతపడింది. యూఐడీఏఐ ఏమందంటే, తమ డేటాబేస్‌లోకి ఎవరూ చొరబడలేదు, ఆధార్ భద్రంగా ఉంది అంది. ఆ మాట అక్షరాలా నిజమే కావచ్చు. యూఐడీఏఐ సొంత గుమ్మం గట్టిదే. అక్కడ ఆధార్ ధ్రువీకరణ కోసం అడిగే సంస్థలకు లైసెన్స్ కీ ఒక్కటే చాలదు, అడిగే ప్రతి విన్నపానికీ డిజిటల్ సంతకం ఉండాలి, లైసెన్స్ కీకి గడువు కూడా ఉంటుంది. అయితే జనం వివరాలు ఆ గుమ్మం లోపల మాత్రమే లేవు. గ్యాస్ కంపెనీ దగ్గర ఒక కాపీ, హౌసింగ్ శాఖ దగ్గర ఒక కాపీ, బ్యాంకు దగ్గర ఒకటి. పెద్ద గుమ్మానికి ఇనుప తలుపు పెట్టి, పెరటి తలుపుకు తాడు కట్టినట్టు.

అంతకు ముందు ఏడాది, 2017 ఆగస్టులో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును పోలీసులు అరెస్టు చేసిన కేసు కూడా ఈ కోవలోదే. అతను ఆధార్ ఈ-కేవైసీ యాప్ ఒకటి తయారుచేసి ప్లే స్టోర్‌లో పెట్టాడు. అతనికి ఆధార్ డేటా అడిగే అనుమతి లేదు. అనుమతి ఉన్నది ప్రభుత్వ ఆసుపత్రుల కోసం ఎన్ఐసీ తయారుచేసిన ఈ-హాస్పిటల్ వ్యవస్థకు. తన యాప్ విన్నపాలను ఆ సర్వర్ మీదుగా పంపాడన్నది ఆరోపణ. ఓపీ చీటీ కోసం ఇచ్చిన అనుమతి మీద ఇంకెవరో స్వారీ చేశారన్నమాట.

మతం కూడా ఒక కాలమ్ అయినప్పుడు

పేరు, ఫోన్ నంబరు పోతే ఏమవుతుంది, స్పామ్ కాల్స్ వస్తాయి అంతే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఉంటారు. మైనారిటీ కుటుంబాలకు లెక్క వేరే. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో దాదాపు 1.34 లక్షల మంది లబ్ధిదారుల వివరాలు ఎవరికైనా కనిపించేలా ఉన్నాయని హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, తండ్రి పేరు, పంచాయతీ, రేషన్ కార్డు, మొబైల్ నంబరు, వాటితో పాటు కులం, మతం. అక్కడ కీ సంగతే లేదు, అసలు తాళమే వేయలేదు. ఇళ్లను కులం, మతం ప్రకారం వెతికి, అవి ఎక్కడున్నాయో చూసే వీలుందని ఆ రోజుల్లోనే జాతీయ మీడియాలో కథనాలు వచ్చాయి. గోల మొదలయ్యాక ఆ పేజీలు తీసేశారు.

ఇల్లు మంజూరు చేయించుకోవడానికి దరఖాస్తులో మతం గడి నింపిన మనిషి ఆ వివరం ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో ఆలోచించి నింపలేదు. నింపకపోతే దరఖాస్తు కదలదు కాబట్టి నింపాడు. ఒక ఊళ్లో ఫలానా మతం వాళ్ల ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయన్న జాబితా ప్రశాంతంగా ఉన్న రోజుల్లో వట్టి కాగితం. గొడవల రోజుల్లో అది ఏమవుతుందో ఈ దేశంలో పెద్దగా వివరించి చెప్పాల్సిన పని లేదు.

హైదరాబాద్ సంగతి ఇంకో మెట్టు పైన ఉంది. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో పాతబస్తీలో పోలీసులు తనను ఆపి, మాస్క్ తీయమని, ఒప్పుకోకపోయినా ఫొటో తీశారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకెక్కారు. ముఖాలను గుర్తుపట్టే సాంకేతికతను ఏ చట్టం కింద వాడుతున్నారన్నది ఆయన ప్రశ్న. 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. పోలీసుల చేతిలో ఉన్న టీఎస్‌కాప్ యాప్‌లో ఈ ముఖ గుర్తింపు సౌకర్యం 2018 నుంచే ఉంది.

ఆ టీఎస్‌కాప్ యాప్ డేటానే 2024 జూన్‌లో దొంగల పాలైంది. ముందు జనం ఫిర్యాదుల కోసం పెట్టిన 'హాక్ ఐ' యాప్ వివరాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి కనిపించాయి. ఆ వెంటనే టీఎస్‌కాప్, పోలీసుల ఎస్ఎంఎస్ సేవల పోర్టల్ పేర్లు కూడా బయటికొచ్చాయి. పోలీసులు కొద్దిరోజుల్లోనే ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక విద్యార్థిని అరెస్టు చేశారు. అంత పెద్ద వ్యవస్థలోకి ఒక విద్యార్థి ఎలా వెళ్లగలిగాడు? యాప్ ప్రోగ్రామ్‌లోనే పాస్‌వర్డులు దాచకుండా మామూలు అక్షరాల్లో రాసిపెట్టి ఉన్నాయని పరిశోధకులు ఎత్తి చూపారు. ఇది హ్యాకింగ్ అనే పెద్ద మాటకు తగిన పని కూడా కాదు. గుమ్మం పక్కన పూలకుండీ కింద తాళంచెవి పెట్టి ఊరెళ్లిన ఇంట్లోకి వెళ్లడం లాంటిది. దొంగను పట్టుకోవడం పోలీసుల పనే, మెచ్చుకోవాల్సిందే. కుండీ కింద చెవి పెట్టినవాళ్లు ఎవరు, ఆ కాంట్రాక్టర్‌కు ఏం శిక్ష పడింది అన్న మాటకు మాత్రం అరెస్టు వార్తలో చోటు దొరకలేదు.

ఐదేళ్లు బయటే పడి ఉన్న చెవి

ఇది మనవాళ్ల చేతకానితనం మాత్రమే అనుకుంటే పొరపాటు. జపాన్ కార్ల కంపెనీ టొయోటా క్రమశిక్షణకు పెట్టింది పేరు. దాని టీ-కనెక్ట్ సేవ వెబ్‌సైటు ప్రోగ్రామ్‌లో కొంత భాగాన్ని ఒక కాంట్రాక్టర్ 2017 డిసెంబరులో గిట్‌హబ్ అనే బహిరంగ వేదిక మీద పెట్టేశాడు. అందులో డేటా సర్వర్ యాక్సెస్ కీ కూడా ఉంది. 2022 సెప్టెంబరు దాకా, అంటే దాదాపు ఐదేళ్లు, ఎవరూ చూడలేదు. 2,96,019 మంది వినియోగదారుల ఈమెయిల్ చిరునామాలు ఈ కీతో బయటపడే ప్రమాదంలో ఉన్నాయని కంపెనీ ఆ అక్టోబరులో ప్రకటించి క్షమాపణ చెప్పింది. కీకి మూడు నెలల గడువు ఉండి ఉంటే 2018 వసంతం నాటికే అది పనికిరాని అక్షరాల వరుస అయిపోయేది. తప్పు చేయడం ఒక్క రోజు పని. గడువు లేని కీ ఆ ఒక్క రోజు తప్పును ఐదేళ్లు సాగదీసింది.

అమెరికా ఖజానా శాఖ సంగతీ అంతే. బియాండ్‌ట్రస్ట్ అనే కంపెనీ ఆ శాఖ ఉద్యోగుల కంప్యూటర్లకు దూరం నుంచి సాయం చేసే సేవ అందిస్తుంది. 2024 డిసెంబరులో ఆ కంపెనీ కీ ఒకటి దొంగిలించి, దాంతో ఖజానా శాఖ కంప్యూటర్లలోకి చొరబడ్డారు. చైనా పనే అని అమెరికా అంది, చైనా కాదంది. ఎవరి పనైనా, అగ్రరాజ్యం ఖజానా గుమ్మం తెరవడానికి బాంబు అక్కర్లేదని, బయటి కంపెనీకి ఇచ్చిన ఒక కీ చాలని తేలింది.

బహిరంగంగా పడి ఉన్న ఇలాంటి కీలను వెతికే గిట్‌గార్డియన్ అనే సంస్థ లెక్క ప్రకారం ఒక్క 2024లోనే గిట్‌హబ్‌లో కొత్తగా 2.38 కోట్ల కీలు, పాస్‌వర్డులు బయటపడ్డాయి. అంతకంటే భయపెట్టే లెక్క ఇంకోటి ఉంది. 2022లో బయటపడ్డవాటిలో 70 శాతం అప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయట. అంటే చెవి పోయిందని తెలిసినా, లేక తెలుసుకునే వీలున్నా, తాళం మార్చినవాళ్లు పదిమందిలో ముగ్గురే.

ఎందుకు మార్చరు?

ఇక్కడ కాంట్రాక్టర్లను, ఇంజనీర్లను తిట్టి ఊరుకోవడం తేలిక. వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. ఒక శాఖ కీ ఏయే ప్రోగ్రాముల్లో అతికించి ఉందో చాలాసార్లు ఎవరికీ పూర్తిగా తెలియదు. టెండర్ తీసుకున్న కంపెనీ ఇంకో చిన్న కంపెనీకి పని ఇస్తుంది. అక్కడ రాసిన కుర్రాడు ఏడాదికే బెంగళూరుకో, ఖతర్‌కో వెళ్లిపోతాడు. ఇప్పుడు పాత కీ రద్దు చేస్తే ఏం ఆగిపోతుందో? ఒకటో తారీఖున పింఛన్ల పంపిణీ ఆగితే? రేషన్ డిపోలో మెషీన్ మొరాయిస్తే? కీ మార్చినందుకు ఏ అధికారికీ మెడల్ రాదు. మార్చినరోజు సేవ ఆగితే మాత్రం మెమో వస్తుంది. కాబట్టి నడుస్తున్నదాన్ని కదపొద్దు అన్నదే ఆఫీసుల్లో చెలామణి అయ్యే తెలివి.

దీనికి మందు లేకపోలేదు, కొత్తదీ కాదు. అమెజాన్ క్లౌడ్‌లో ఒక్కో యూజర్‌కు ఒకేసారి రెండు కీలు ఉంచుకోనిస్తారు. కొత్తది పెట్టి, అన్నీ దాని మీద నడుస్తున్నాయని చూసుకుని, అప్పుడు పాతది తీసేయడానికే ఆ రెండో చోటు. ఇంకో పద్ధతిలో కీని అసలు పంపనే పంపరు. కీతో లెక్క కట్టి, ఆ విన్నపానికి మాత్రమే పనికొచ్చే ఒక సంతకం పంపుతారు. అందులో సమయం కూడా కలిసి ఉంటుంది. దారిలో ఎవరైనా కాజేసినా కొద్ది నిమిషాల తర్వాత అది చెల్లదు. చెక్కు మీద సంతకం చేసి ఇవ్వడానికీ, బీరువా తాళంచెవే చేతిలో పెట్టి పంపడానికీ ఉన్న తేడా అది. అలాగని సంతకం పద్ధతి ఉంటే నిశ్చింత అనుకోవద్దు. సంతకం చేసే కీని టొయోటా కాంట్రాక్టర్ లాగా వీధిలో పెడితే ఏ లెక్కా కాపాడదు.

మూడో జాగ్రత్త అన్నిటికంటే చవకైంది: ఒక్కో కీకి ఒక్కటే పని. బిల్లు బాకీ చూపించే కీతో చిరునామా కనపడకూడదు. ఫలానా ఆఫీసు సర్వర్ నుంచి వచ్చిన విన్నపానికే జవాబివ్వాలన్న కట్టడి పెట్టవచ్చు. ఈ కట్టడి గురించి 2023 జూన్‌లో కోవిన్ వివాదంలో కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పుకుంది. టెలిగ్రామ్‌లో ఒక బాట్ ఫోన్ నంబర్ ఇస్తే టీకా వేయించుకున్నవాళ్ల వివరాలు చెప్పేస్తోందని గోల లేచింది. ఓటీపీ లేకుండా కోవిన్ వివరాలు ఇవ్వదు, మొబైల్ నంబర్‌తోనే వివరాలిచ్చే ఏపీఐ ఒకటి ఉన్న మాట నిజమే గాని, అనుమతి జాబితాలో ఉన్న చోటు నుంచి అడిగితేనే అది పలుకుతుంది అని శాఖ వివరణ ఇచ్చింది. జనానికి ఓటీపీ, తోటి సంస్థకు ఓటీపీ అక్కర్లేని కిటికీ. కిటికీ ఉందని ఆ రోజు ప్రభుత్వ నోటితోనే వినవచ్చింది.

చిన్న ఊళ్లో చిన్న చాబీలు

ప్రభుత్వం సంగతి అలా ఉంచితే, నర్సీపట్నం లాంటి ఊళ్లో కీలు ప్రభుత్వ ఆఫీసుల్లోనే ఉన్నాయనుకోవద్దు. పిల్లాడు స్కూలుకి రాలేదని తండ్రికి మెసేజ్ పంపే ప్రైవేటు స్కూలు దగ్గర ఎస్ఎంఎస్ గేట్‌వే కీ ఉంటుంది. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే బట్టల షాపు దగ్గర, చందాలు తీసుకునే మస్జిద్ కమిటీ లేదా మదర్సా వెబ్‌సైటు దగ్గర పేమెంట్ గేట్‌వే కీ ఉంటుంది. రేజర్‌పే లాంటివాటిలో కీ రెండు ముక్కలు. ఒకటి ఐడీ, అది బయటికి కనపడినా పర్వాలేదు. రెండోది సీక్రెట్, అది సర్వర్ దాటి బయటికి రాకూడదు. వెబ్‌సైటు కట్టినవాడు తొందర్లో రెండూ పేజీలోనే పెట్టేస్తే, ఆ పేజీ తెరిచిన ప్రతివాడూ ఆ సంస్థ లావాదేవీలు తిరగేయగలడు. చందా ఇచ్చినవాళ్ల ఫోన్ నంబర్లతో సహా.

ఎస్ఎంఎస్ కీ పోతే నష్టం ఇంకోలా ఉంటుంది. స్కూలు పేరుతోనే తల్లిదండ్రులకు 'ఫీజు ఈ లింకులో కట్టండి' అని మెసేజ్ రావచ్చు. ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవాడి పేరు, మెసేజ్ నమూనా ముందే నమోదు చేయించాలి కాబట్టి ఇప్పుడు అది మునుపటంత తేలిక కాదు. తేలిక కాదు అంటే కుదరదని కాదు.

వక్ఫ్ ఆస్తుల నమోదుకు కేంద్రం 2025 జూన్ 6న తెచ్చిన ఉమీద్ పోర్టల్ విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. అక్కడ మూడు మెట్లు ఉన్నాయి. ముతవల్లీ వివరాలు ఎక్కిస్తాడు, వక్ఫ్ బోర్డు అధికారి సరిచూస్తాడు, ఆపైన ఇంకొకరు ఆమోదిస్తారు. మెషీన్ కీ కాదు, మనుషుల లాగిన్లే. కానీ కంప్యూటర్ రాని పెద్దమనిషి తన లాగిన్ నెట్ సెంటర్ కుర్రాడికి ఇచ్చి 'నువ్వే ఎక్కించెయ్ బేటా' అంటే, అది కూడా గడువు లేని చాబీ ఇచ్చినట్టే. దస్తావేజులు ఎక్కించే పని అయిపోగానే పాస్‌వర్డ్ మార్చుకోవడం ఐదు నిమిషాల పని. స్థిరాస్తి విషయంలో ఆ ఐదు నిమిషాలు బద్ధకించకూడదు.

అన్నిటికంటే దీర్ఘాయుష్షు ఉన్న చాబీ మాత్రం మనిషి వేలే. నకిలీ వేలిముద్రలు తయారుచేసి ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఖాతాలు ఖాళీ చేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో నమోదయ్యాయి. కీ పోతే ఇంకో కీ ఇస్తారు. బొటనవేలు మార్చుకోలేరు. అందుకే ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకునే సౌకర్యం ఉంది. రేషన్ తీసుకునే రోజు తీసి, మళ్లీ వేసుకోవాలి. అంత ఓపిక ఎంతమందికి ఉంటుందన్నది వేరే మాట.

చట్టం ఎప్పుడొస్తుంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పడింది. నిబంధనలు రావడానికి రెండేళ్లు దాటింది. 2025 నవంబరులో నోటిఫై చేశారు. అయినా అసలైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. తగిన భద్రత పాటించక డేటా పోగొట్టుకుంటే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని చట్టం చెబుతుంది. డేటా పోతే ఆ జనానికి చెప్పాలి, బోర్డుకు 72 గంటల్లో వివరంగా నివేదిక ఇవ్వాలి. వినడానికి బాగానే ఉంది. అదే చట్టం కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో మినహాయింపు ఇచ్చే తలుపు కూడా తెరిచి ఉంచింది. పోలీసు యాప్‌ల విషయంలో ఆ తలుపు ఎంత వెడల్పున తెరుస్తారన్నదే పాతబస్తీకి సంబంధించిన ప్రశ్న.

ఈలోపల ఉన్నది సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశం. సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి. అది ప్రభుత్వానికి చెప్పడం. డేటా పోగొట్టుకున్న మనిషికి చెప్పాలని ఆ ఆదేశంలో లేదు. ఇంకో వైపు, కొత్త డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను సవరించి, 'వ్యక్తిగత సమాచారం' అన్న మాట మీద అడ్డుకోవడాన్ని అధికారులకు సులువు చేసింది. జనం డేటా కాపాడతామని తెచ్చిన చట్టం, జనం అడిగే ప్రశ్నలను కాస్త బిగించింది.

అయితే కీల గురించిన ప్రశ్నల్లో వ్యక్తిగత సమాచారం ఏమీ లేదు. మున్సిపల్ కౌన్సిల్‌లో కౌన్సిలరు అడగవచ్చు, శాసనసభలో సభ్యుడు అడగవచ్చు, ఆర్టీఐ దరఖాస్తులో ఎవరైనా అడగవచ్చు. నర్సీపట్నం ఎమ్మెల్యే చింతకాయల అయ్యన్నపాత్రుడే 2024 జూన్ నుంచి శాసనసభ స్పీకర్. ఈ ఊరికి సభ దూరమేమీ కాదు. కీ అడగక్కర్లేదు, కీ వయసు అడిగితే చాలు. శాఖల మధ్య వాడే కీలకు గడువు ఉందా? ఆఖరిసారి ఎప్పుడు మార్చారు? కాంట్రాక్టు ముగిసిన కంపెనీల కీలు రద్దు చేశారా, ఏ తేదీన? మతం, కులం ఉన్న రికార్డులను ఎన్ని బయటి సంస్థలు ఏపీఐ ద్వారా చూడగలవు? లోపం కనిపెట్టిన పరిశోధకుడు చెప్పుకోవడానికి రాష్ట్రంలో ఒక ఈమెయిల్ చిరునామా, దానికి జవాబిచ్చే మనిషి ఉన్నారా? ఇండేన్ విషయంలో వారాలు గడిచిపోయింది ఆ మనిషి దొరక్కే.

ఇవి సాఫ్ట్‌వేర్ చదివినవాళ్లు మాత్రమే అడిగే ప్రశ్నలు కావు. తన వేలిముద్ర నెలనెలా ఎందుకు అడుగుతున్నారని రేషన్ డిపో ముందు నిలబడి విసుక్కునే మనిషికి, అవతలి మెషీన్‌ను ఎన్నాళ్లకోసారి అడుగుతున్నారో తెలుసుకునే హక్కు ఉంది.